నీటిని శుద్ధిచేయు సూక్ష్మజీవులు

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు దారిలో రుషికొండ సముద్రతీరము కలదు. 2020వ సంవత్సరమున ఈ తీరమునకు ‘బ్లూ ఫ్లాగ్’ అను అంతర్జాతీయ గుర్తింపు లభించినది. ఆ గుర్తింపునకు స్నానజలముల పరిశుభ్రత ముఖ్యము. తీరమును ఊడ్చినంత మాత్రమున కడలి శుభ్రపడదు. కడలిలో చేరు నీరును శుభ్రముగా నుండవలెను.

విశాఖ ప్రాంతమున చేపలను, రొయ్యలను శుభ్రపఱచి విదేశములకు పంపు కర్మాగారములు కలవు. వాటిని కడిగిన నీటిలో నెత్తురు, క్రొవ్వు, మాంసపు తునుకలు కలిసియుండును. ఇది ఆహారశేషమే గదా, సముద్రములో విడిచిన హాని యేమని కొందఱు తలంపవచ్చును. అది పొరపాటు.

ఆ శేషమును తినునది ముఖ్యముగా సూక్ష్మజీవులు. తినునపుడవి నీటిలో కరగియున్న ప్రాణవాయువును వాడుకొనును. వెచ్చని సముద్రజలమున లీటరునకు సుమారు 6 మిల్లీగ్రాముల ప్రాణవాయువు మాత్రమే యుండును. ఒక లీటరు మురుగునీటిలోని శేషము జీర్ణమగుటకు 600 మిల్లీగ్రాములు కావలసివచ్చిన, అది 100 లీటర్ల సముద్రజలములోని ప్రాణవాయువును హరింపగలదు. అపుడు చేపలు ఊపిరాడక చచ్చును.

ముల్లును ముల్లుతోనే తీయవలెను. ఆ సూక్ష్మజీవులచేతనే, కడలిలో గాక తొట్టిలో, ఆ పని చేయింపవచ్చును. మొదట జల్లెడలచే తునుకలను, పైకి తేలిన క్రొవ్వును తీసివేయుదురు. పిమ్మట నీటిని పెద్దతొట్టిలో నింపి, యంత్రములతో ఎడతెగక గాలి నూదుదురు. సూక్ష్మజీవులు శేషమును తిని వృద్ధిచెంది, గుంపులుగా కూడును. వేఱొక తొట్టిలో నీరు నిశ్చలముగా నుండగా అవి బురదయై అడుగున చేరును, పైనీరు తేరుకొనును.

ఆ బురదను పారవేయరాదని 1914లో ఇంగ్లాండులోని మాంచెస్టరు నగరమున ఆర్డెర్న్, లాకెట్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. మొదట వారికి మురుగునీరు పూర్తిగా శుద్ధియగుటకు సుమారు ఐదు వారములు పట్టెను. బురదను నిలువయుంచి క్రొత్తనీరు చేర్చుచు పోగా, ఒక దినములోపలనే ఆ పని ముగిసెను. ఆకలిగొన్న సూక్ష్మజీవుల సైన్యము సిద్ధముగా నుండుటయే అందులకు కారణము. నేటికిని కొంత బురదను మరల మొదటి తొట్టికి పంపుచుందురు.

అయితే ఈ పనివాండ్రు ప్రాణము గలవారు. నీటిలో ఉప్పు హఠాత్తుగా హెచ్చినను, కర్మాగారమును కడిగిన క్లోరిను మితిమీరి చేరినను అవి నశించును. విద్యుత్తు ఖర్చు తగ్గింపగోరి రాత్రివేళ గాలియంత్రమును ఆపినచో, ప్రాణవాయువు లేక వాటి పని చెడును, దుర్గంధము పుట్టును. కావున రేయింబవళ్లు కాపు అవసరము.

1974 నాటి జలకాలుష్య నివారణ చట్టము ప్రకారము మురుగునీటిని విడుచుటకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందవలెను. కాని రాత్రివేళ ఆ యంత్రమును ఆపకుండ కాచువాని శ్రద్ధయే కడలికి నిజమైన రక్ష. చేపలను అమ్మి ధనమార్జించువారు చేపల ఊపిరిని కాపాడుట న్యాయము. వేటకు పోవు జాలరి బ్రతుకు ఆ ఊపిరిమీదనే ఆధారపడియున్నది.