కేసు ఆగితే కొట్టేసినట్టేనా?

"కేసు ఆగిందంటే కొట్టేసినట్టే గదా బిడ్డా?" కరీంనగర్ కోర్టు వరండాలో ఒక తల్లి నన్నడిగింది. దొంగతనం కేసులో రిమాండులో ఉన్న ఆమె కొడుకు, జడ్జిగారు పేరడిగితే గోడవంక చూసి నవ్వాడు. వకీలునై ఉండీ, కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మతిస్థిమితం లేక తన వాదన తాను చెప్పుకోలేనివాడిపై విచారణ నడపకూడదు. డాక్టరు పరీక్షించాక జడ్జి ఆపేస్తారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఇదే ఉంది. కానీ ఆపడం వేరు, వదలడం వేరు. అస్సాంలో మచాంగ్ లాలుంగ్‌ను 1951లో పట్టుకున్నారు. విచారణే లేకుండా 2005 దాకా, అంటే 54 ఏళ్లు, నిర్బంధంలోనే ఉన్నాడు!

మరి దారేమిటంటారా? ఆసుపత్రిలో ఉంచనక్కర్లేదని తేలితే, క్రమం తప్పకుండా వైద్యం చేయిస్తామని, ఎవరికీ హాని జరగకుండా చూసుకుంటామని అయినవాళ్లు పూచీ ఇవ్వాలి. అప్పుడు మామూలుగా బెయిలు రాని కేసులోనూ వదలొచ్చు. పూచీ అనగానే అన్నదమ్ములు మెల్లగా తప్పుకుంటారు. మిగిలేది తల్లో, పెళ్లామో. ఆదిలాబాద్ వాళ్లకైతే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల దాదాపు 300 కిలోమీటర్లు. కూలి మానుకుని ఎన్నిసార్లు తిరుగుతారు?

ఇదంతా ఆ తల్లికి నిదానంగా చెప్పాను.

"నాకు సంతకం రాదు. వేలిముద్ర నడుస్తదా?" అంది.

నడుస్తుందన్నాను.