చంపావతి తీరాన గజపతినగరం : నీటి వనరులే ప్రగతికి పునాది

విజయనగరం జిల్లాలోని ముఖ్య వ్యాపార కేంద్రాలలో గజపతినగరం ఒకటి. తూర్పు కనుమలకు, సముద్రతీర మైదానానికి నడుమ చంపావతి నది ఒడ్డున గల ఈ పట్టణం మన్యం ప్రాంతాన్ని కోస్తాతో కలుపుచున్నది. నాతవలస నుండి సాలూరు మీదుగా ఒడిశాకు వెళ్లే 26వ నెంబరు జాతీయ రహదారి, 1931లో రాయపూర్ వరకు పూర్తయిన విజయనగరం రైలు మార్గం ఈ పట్టణం మీదుగా సాగుతాయి.

శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలలోని ప్రాంతాలతో 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. 2011 జనగణన ప్రకారం జిల్లా జనాభా 23,44,474. వీరిలో ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు గ్రామీణులే. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వేరుపడిన తరువాత కూడా గజపతినగరం విజయనగరం జిల్లాలోనే కొనసాగుచున్నది.

వర్షం కురిసినా నీరు నిలువదు

నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండింటి వలన ఈ ప్రాంతంలో వర్షాలు కురుస్తాయి. అయినను మెట్ట పొలాలకు నీటి ఎద్దడి తప్పడం లేదు. ఇందుకు కారణం నైసర్గిక స్వరూపమే. కనుమలలో పుట్టిన చంపావతి కొద్ది దూరమే ప్రవహించి కోనాడ వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. వాన వెలిసిన కొద్ది రోజులకే వరద తగ్గి, ఇసుక మేటలు బయటపడతాయి. అందువలననే పూర్వులు ఊరూరా చెరువులు తవ్వించారు. మెంటాడ మండలంలోని ఆండ్ర జలాశయం, దిగువన గల డెంకాడ ఆనకట్ట ఈ నది నీటినే సాగుకు మళ్లిస్తున్నాయి.

పంటలు - వలసలు

చెరువు కింద వరి, మెట్టలో వేరుశనగ, నువ్వు, గోగు, చెరకు, మొక్కజొన్న, తోటలలో మామిడి, జీడిమామిడి ఇక్కడి పంటలు. వాన ఆలస్యమైతే ముందుగా పని కోల్పోయేది వ్యవసాయ కూలీయే. అటువంటి కుటుంబాలు విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై నగరాలకు వలస పోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 2006లో గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదటి విడతగా అమలైన జిల్లాలలో విజయనగరం చేరడానికి ఈ పరిస్థితే నేపథ్యం.

నాగావళి జలాలపై ఆశ

నాగావళి నదిపై నిర్మించిన తోటపల్లి బ్యారేజి 2015 సెప్టెంబరు 10న ప్రారంభమైంది. దీని కుడి ప్రధాన కాలువ ఆధారంగా గజపతినగరం శాఖా కాలువ రూపొందించబడింది. అయితే కాలువ తవ్వినంత మాత్రాన పొలం తడవదు. పిల్లకాలువలు చివరి ఎకరం వరకు చేరాలి. గొలుసు చెరువుల పూడిక తీయాలి. గట్లు, మదుములు బాగుండాలి. చెరువు నిండితే బావులలో ఊట పెరుగుతుంది, రెండవ పంటకు వీలు కలుగుతుంది, కూలీకి సొంత ఊరిలోనే పని దొరుకుతుంది. గజపతినగరం ప్రాంత రైతాంగం భవిష్యత్తు ఈ నీటి పొదుపుపైనే ఆధారపడి యున్నది.