ఎనిమిది పూసల హార్మోను

కొన్ని జాతుల రొయ్యలకు రంగు మార్చుకొను శక్తి కలదు. అట్టి రొయ్యను తెల్లని గిన్నెలో కొంతసేపు ఉంచినచో అది పాలిపోవును. నల్లని గిన్నెలో ఉంచినచో ముదురు రంగు దాల్చును. దాని చర్మపు కణములలో రంగు రేణువులున్నవి. అవి కణమంతటను పరచుకొనినపుడు రంగు చిక్కగా కనిపించును. నడుమ చుక్కవలె కూడుకొనినపుడు వెలిసినట్లుండును.

ఈ రేణువులకు ఆజ్ఞ యిచ్చునది ఏది? 1928లో పెర్కిన్స్ అను శాస్త్రజ్ఞుడు రొయ్య కంటికాడలనుండి తీసిన రసమును ముదురు రంగు రొయ్యకు సూదితో ఎక్కించగా అది పాలిపోయెను. ఆజ్ఞ కంటికాడలో పుట్టి రక్తము వెంట పోవుచున్నదని తేలినది. ఆ ఆజ్ఞను మోయు పదార్థమే హార్మోను. 1972లో ఫెర్న్‌లుండ్, జోసెఫ్‌సన్ అనువారు చలిసముద్రపు రొయ్యల కంటికాడలనుండి దానిని వేరుచేసి, దాని నిర్మాణమును తెలిపిరి. అది ఎనిమిది ఎమినో ఆమ్లములు పూసలవలె కూర్చిన చిన్న దండ! అంత కొంచెపు వస్తువు అంత పని చేయుట విశేషమే గదా.

రక్తములో హార్మోను ఒడలంతయు తిరుగును. కాని గ్రాహకము గల కణములే దాని మాట వినును. గ్రాహకమనునది కణపు పొరను ఏడుమారులు కుట్టిన దారమువలె అటునిటు దాటియుండు ప్రోటీను. వెలుపలి వైపున హార్మోను వచ్చి కూర్చుండగానే గ్రాహకపు ఆకారము కొంచెము మారును. ఆ మార్పుచే కణము లోపల పని మొదలగును. దీనిని తాళము, తాళపుచెవి అని చెప్పుట వాడుక. ఆ పోలిక నాకు అంతగా నచ్చదు. ఇనుప తాళము వంగదు. ఇచ్చట రెండును వంగును. చేయి, చేతితొడుగు అనిన మేలు.

ఈ కూడికను సూక్ష్మదర్శినిలో చూచుట సులభము కాదు. అందుచే శాస్త్రజ్ఞులు కంప్యూటరును ఆశ్రయించిరి. డాఫ్నియా అను చిన్న ప్రాణి రొయ్యలకు దూరపు బంధువు. మంచినీటి చెరువులలో ఎగిరెగిరి ఈదుచుండును. దాని జన్యుపటము 2011లో వెలువడినది. గ్రాహకములోని పూసల వరుస తెలిసినది గాని, ఆకారము తెలియలేదు. ఆవు కంటిలోని రొడాప్సిన్ ఇదే ఏడు మలుపుల కుటుంబమునకు చెందినది. దాని ఆకారమును 2000లో ఎక్సు కిరణములతో తెలిసికొనిరి. ఇట్టి బంధువుల ఆకారమును చూచి కొత్తదానిని ఊహించి కట్టుదురు. కట్టినది సరిగా నున్నదో లేదో చూచుటకు, 1963లో మద్రాసులో జి. ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు ప్రకటించిన పటమును నేటికిని వాడుచున్నారు. పూసల నడుమ ఏ వంపులు సాధ్యమో, ఏవి కావో ఆ పటము చూపును.

పిమ్మట కంప్యూటరు హార్మోనును గ్రాహకపు గుంటలో వేలకొలది విధములుగా త్రిప్పి పెట్టి, ఏ భంగిమలో శక్తి తక్కువై స్థిరముగా నుండునో లెక్కించును. చుట్టును నీటి అణువులను, పొరలోని కొవ్వు అణువులను గూడ చేర్చి వాని కదలికలను గణించును. ఒక్కొక్క అడుగునకు పట్టు కాలము సెకనులో పది కోట్ల కోట్ల వంతు! 2018లో కేప్‌టౌన్‌కు చెందిన జాక్సన్, గేడె మొదలగువారు డాఫ్నియా హార్మోనును గూర్చి ఇట్టి పరిశోధనను ప్రకటించిరి. హార్మోను ఆకారమును మాత్రము వారు ఊహించలేదు. బలమైన అయస్కాంతపు సాయమున కనుగొనిరి.

తెరమీది బొమ్మ ఎంత అందముగా నున్నను అది సాక్ష్యము కాదు. కనుక దండలో ఒక్కొక్క పూసను తీసి, ఆ చోట అలనిన్ అను చిన్న పూసను ఉంచి, గ్రాహకము గల కణములపై ప్రయోగింతురు. గ్రాహకము మేల్కొనినచో కణము వెలుగు నిచ్చునట్లు ముందే ఏర్పాటు చేయుదురు. వెలుగు తగ్గినచో ఆ పూస ముఖ్యమన్నమాట. కంప్యూటరు చెప్పినది, కణము చెప్పినది ఏకీభవింపవలెను.

ఇందు మనకు పట్టవలసిన సంగతి యొకటి యున్నది. మిడుతకు ఎగురునపుడు కొవ్వును అందించు హార్మోను ఈ హార్మోనునకు దగ్గరి చుట్టము. 1976లో జరిపిన ప్రయోగములలో ఒకదానికి బదులు మరియొకటి పనిచేసినది! కావున మిడుత గ్రాహకమును చెరచు మందు చెరువులోని డాఫ్నియాను గూడ చెరుపవచ్చును. డాఫ్నియా చేపపిల్లలకు ఆహారము. పైరును తిను పురుగు గ్రాహకమునకే పట్టి, డాఫ్నియా గ్రాహకమునకు పట్టని మందును చేయుట సాధ్యమా? రెండు గుంటలను ప్రక్కప్రక్కన తెరపై నిలిపి, అందలి తేడాలను శాస్త్రజ్ఞులు ఒక్కొక్క పూసగా వెదకుచున్నారు.