కొల్లేరులో ట్రోలింగ్ ఎందుకు చెయ్యరు? పండుగప్ప దారి ఎటు?

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఫారిన్ వీడియోల్లో సరస్సు మీద బోటు నడుపుతూ వెనకాల గాలం లాగి పెర్చ్ చేపలు పడతారు కదా, మన కొల్లేరులో అది ఎందుకు చెయ్యరు?" మాది అత్తిలి. కొల్లేరు పక్కనే అనలేం గానీ ఆ చేప తిని పెరిగినవాళ్ళమే. అందుకే ఈ ప్రశ్నకి కామెంట్లో రెండు ముక్కలు రాసి వదిలెయ్యబుద్ధి కాలేదు.

ముందు మాటల గందరగోళం తీర్చేద్దాం. ట్రోలింగ్ అంటే ఇక్కడ మీమ్స్ వేసి ఏడిపించడం కాదు. ట్రాలింగ్ కూడా కాదు. విశాఖ, కాకినాడ నుంచి వెళ్ళే పెద్ద బోట్లు సంచిలాంటి వలని సముద్రంలో ఈడుస్తాయి చూడండి, అది ట్రాలింగ్. ట్రోలింగ్‌లో వల ఉండదు. నెమ్మదిగా కదిలే పడవ, దాని వెనక ఇరవై ముప్ఫై మీటర్ల దారం, దారం చివర చిన్న చేపలా ఊగే ఉత్తుత్తి ఎర. అంతే.

ఇక పెర్చ్. అసలు పెర్చ్ అనేది యూరప్ చలి సరస్సుల చేప, మన దగ్గర లేదు. మన చేపల్లో ఇంగ్లీషు పేరులో పెర్చ్ తగిలించుకున్నవి రెండు చెప్తాను. ఒకటి గొరక, క్లైంబింగ్ పెర్చ్ అంటారు. వాన పడితే గట్టెక్కి పాకుతూ పోతుంది, గాలి కూడా పీలుస్తుంది. రెండోది పండుగప్ప. పాత పుస్తకాల్లో దీన్ని జెయింట్ పెర్చ్ అని రాశారు. ఆస్ట్రేలియావాళ్ళు బారమండి అంటారు. ఆఫ్రికాలో నైలు పెర్చ్ అని వంద కేజీలు దాటే చేప ఉంది, అది పండుగప్పకి దగ్గర చుట్టం. ఈజిప్టులో నాసర్ సరస్సు మీద దాన్ని ట్రోలింగ్ చేసే పడతారు. కాబట్టి మన ప్రశ్నకి సరైన చేప పండుగప్పే.

ట్రోలింగ్ ఎందుకు పుట్టిందో చూద్దాం. పెద్ద సరస్సులో చేప ఎక్కడుందో తెలీదు. పైగా నీరు లోతు కాబట్టి ఏ లోతులో ఉందో కూడా తెలీదు. చలి దేశాల లోతు సరస్సుల్లో ఎండాకాలం పైన వెచ్చటి నీళ్ళు, కింద చల్లటి నీళ్ళు రెండు పొరలుగా విడిపోతాయి. చాలా సరస్సుల్లో కింది పొరలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. దాంతో చేపలు ఆ రెండు పొరలు కలిసే చోటు దరిదాపుల్లో సర్దుకుంటాయి. ఆ లోతులో ఎరని కిలోమీటర్ల కొద్దీ నడిపిస్తే ఎక్కడో ఒక గుంపు తగులుతుంది. నేను కోడ్ రాసిన రోజుల భాషలో చెప్పాలంటే ఇది లీనియర్ సెర్చ్. ఒక్కో గడీ చూసుకుంటూ పోవడమే, షార్ట్‌కట్ లేదు.

ఇందులో ఇంజనీరింగ్ ఎక్కడంటే లోతు పట్టుకోవడంలో. ఎర మూతి కింద చిన్న ప్లాస్టిక్ పెదవి ఉంటుంది. పడవ లాగుతుంటే నీళ్ళు ఆ పెదవి మీద నొక్కి ఎరని కిందకి తోస్తాయి. దారం ఎక్కువ వదిలితే ఇంకా లోతుకి పోతుంది. కానీ ఒక హద్దు ఉంది. దారం పొడుగు పెరిగేకొద్దీ దాని మీద నీటి రాపిడి పెరుగుతుంది, అది ఎరని పైకి లాగుతుంది. ఒకచోట రెండూ సరిసమానం అయిపోతాయి. అక్కడి నుంచి ఎంత దారం వదిలినా లాభం లేదు. సన్నటి అల్లిక దారానికి రాపిడి తక్కువ కాబట్టి అదే ఎర ఇంకాస్త లోతు పోతుంది.

వేగం మనిషి చురుగ్గా నడిచినంత. తెలిసినవాళ్ళు పడవని తిన్నగా నడపరు, పాము నడకలా మెలికలు తిప్పుతారు. మలుపులో బయటివైపు ఎర వేగం పెరుగుతుంది, లోపలివైపుది తగ్గుతుంది. ఏ వైపు చేప కొట్టిందో చూస్తే ఇవాళ దానికి ఏ వేగం నచ్చిందో తెలిసిపోతుంది. ఒకే మలుపులో రెండు ప్రయోగాలు! నాకు ఈ టెక్నిక్‌లో అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇదే.

ఇప్పుడు ఇదంతా తెచ్చి కొల్లేరులో పెట్టండి. చాలాచోట్ల దిగి నిలబడితే నడుం లోతు, ఛాతీ లోతు. గాలి వీస్తే నీళ్ళు అడుగుదాకా కలిసిపోతాయి, పొరలు నిలబడవు. ఎర ఒక మీటరు దిగితే బురద. బురద కాకపోతే గుర్రపుడెక్క, నాచు, కిక్కిస. ఇంజను ఫ్యానుకి అవన్నీ చుట్టుకుంటాయి. ఇంకో సంగతి, కొల్లేరు 1999 నుంచి ఐదో కాంటూరు వరకు అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. అక్కడ సంప్రదాయంగా వేటాడే స్థానికుల సంగతి వేరు. మనం వీడియో చూసి బోటేసుకుని వెళ్ళిపోయే చోటు కాదది.

అసలు కారణం ఇంకోటి ఉంది. ట్రోలింగ్‌లో ఎర తిరుగుతుంది, చేప ఒకచోట కాచుకుని ఉంటుంది. కొల్లేరు పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ నీళ్ళకి ఒక నడక ఉంది. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు పైనుంచి వచ్చి కలుస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి దారి. నీళ్ళు నడిస్తే చేప నడుస్తుంది. వెదురు మావు తెచ్చి నీళ్ళు లాగే సందులో పెడితే చేపే వచ్చి దూరుతుంది. దోనె మీద వెళ్ళి పొద్దున్నే ఎత్తుకోవడమే. చేప దారి తెలిసినప్పుడు సరస్సంతా వెతకడం ఎందుకండీ?

ఆ దారిలో చాలా దూరం తిరిగేది పండుగప్ప. గుడ్లు ఉప్పునీళ్ళలోనే పెడుతుంది, సముద్రానికి దగ్గర ఉప్పదనం కావాలి. పిల్లలు ఏటి ముఖాల్లోంచి మంచినీళ్ళలోకి ఎక్కి, అక్కడ చిన్న చేపల్ని మింగుతూ ఏళ్ళ తరబడి పెరుగుతాయి. మళ్ళీ గుడ్ల కోసం కిందకి దిగుతాయి. ఇంకో విచిత్రం, ఇది మొదట మగచేప. మూడు నాలుగేళ్ళకి మగగా పక్వానికి వచ్చి, సుమారు ఆరు నుంచి ఎనిమిదేళ్ళకి ఆడదిగా మారుతుంది. అంటే ఫొటో దిగాలనిపించే ఆ మీటరు పొడుగు చేప దాదాపు ఎప్పుడూ ఆడదే, లక్షల గుడ్లు పెట్టే తల్లి.

ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో రూలు చూడండి. 58 సెంటీమీటర్ల లోపు చేపని, 120 దాటిన చేపని పట్టినా వదిలెయ్యాలి. కానీ ఆనకట్టల వెనక రిజర్వాయర్లలో ఆ పై హద్దుకి సడలింపు ఉంది. ఎందుకు? అక్కడి చేప ఎంత పెద్దదైనా సముద్రానికి పోలేదు, పిల్లల్ని కనలేదు. హేచరీ పిల్లల్ని తెచ్చి వదిలితేనే అక్కడ బారమండి ఉంటుంది. ట్రోలింగ్ వీడియోల్లో మీరు చూసే ఎండిన చెట్ల మోళ్ళ సరస్సులు చాలావరకు అవే. 44 కేజీలు దాటిన రికార్డు చేప 2010లో పడింది కూడా అలాంటి మాండురన్ సరస్సులోనే.

మన దగ్గర కూడా హేచరీ పిల్ల ఉంది. చెన్నైలోని సీబా సంస్థ 1997లో పండుగప్పకి కృత్రిమంగా గుడ్లు పెట్టించింది. ఇప్పుడు చెరువుల్లో పెంచుతున్నారు. నర్సరీలో తరచుగా సైజులవారీగా వేరు చెయ్యకపోతే పెద్దవి చిన్నవాటిని తినేస్తాయి, ఆ తలనొప్పి పెంచినవాళ్ళకే తెలుసు. కానీ చెరువులో పెరిగిన చేప వేరు, ఉప్పుటేరు ఎక్కి వచ్చిన చేప వేరు. రెండోదాన్ని ఎవరూ తెచ్చి వదలక్కర్లేదు, దారి ఉంటే చాలు.

ఆ దారి ఆక్రమణలతో, పూడికతో ఇరుకైపోయింది. ఎండాకాలం సరస్సులో నీరు తగ్గితే ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. దాన్ని ఆపడానికి ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన ఉంది. పొలానికి, తాగునీటికి ఉప్పు తగలకూడదు, ఆ వాదనలో న్యాయం ఉంది. కానీ ఉప్పుని ఆపే తలుపు చేపపిల్లని కూడా ఆపుతుంది. గోదారి ఎదురెక్కే పులస ధవళేశ్వరం దగ్గర ఆగిపోవడం మనకి తెలిసిందే.

అందుకని నా అభిప్రాయం, గేట్ల డ్రాయింగులోనే చేప దారి కూడా ఉండాలి. తర్వాత అతికిద్దాంలే అంటే కుదరదు. క్వీన్స్‌లాండ్ ఫిట్జ్‌రాయ్ నది బ్యారేజీకి మొదట కట్టిన చేపల మెట్లు, దూకి పోయే సాల్మన్ చేపల కోసం గీసిన నమూనా. అక్కడి చేపలకి అది పనికిరాలేదు. తర్వాత నిలువు చీలికలున్న గదుల వరుసగా మార్చితే బారమండి పిల్లలు ఈదుకుంటూ ఎక్కాయి. మనకీ కావాల్సింది పండుగప్ప ఈతకి సరిపోయే కొలతలు, దాంతోపాటు పిల్ల ఎక్కే నెలల్లో తెరిచి ఉండే గేటు.

ఆ నెలలు ఏవో ఉప్పుటేరు ఒడ్డు ఊళ్ళవాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఆకివీడు నుంచి మొగ దాకా ఎవరైనా చూస్తుంటే, మీ దగ్గర వేలెడు పండుగప్ప పిల్ల ఎప్పుడు కనబడుతుందో, పదేళ్ళ కిందటితో పోలిస్తే ఎలా ఉందో కింద రాయండి. వచ్చే ఎపిసోడ్ కొర్రమీను మీద.