చిన్న బ్యాటరీ... పెద్ద పేచీ!

మే నెల. ఉదయం ఆరున్నర. ఆ రోజు మా అమ్మాయికి ఎంసెట్... అదే, ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నాం కదా, ఆ పరీక్ష. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. పరీక్ష కేంద్రమేమో ఊరికి ఆ చివర. అయినా నాకు దిగుల్లేదు. కారుంది. అదీ విద్యుత్తు కారు. పది రోజుల కిందట ఊరెళ్లేముందే ఛార్జింగ్ పెట్టాను. ఫోన్‌లో చూస్తే 82 శాతం అని ఉంది. ఇంకేం కావాలి?

సెల్లార్లోకి దిగి రిమోట్ నొక్కాను. కుయ్యిమనలేదు. మళ్లీ నొక్కాను. ఊహూఁ. రిమోట్ వెనకాల దాగి ఉండే బుల్లి తాళంచెవి తీసి తలుపు తెరిచాను. లోపల లైటు వెలగలేదు. తెర నల్లగా ఉంది. మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మూడు వందల కిలోమీటర్లు తీసుకెళ్లగల కరెంటును కడుపులో పెట్టుకుని, తలుపు తాళం కూడా తీయలేని స్థితిలో ఉంది మా కారు!

పరుగున రోడ్డు మీదికెళ్లి ఆటో ఎక్కాం. గేటు మూయడానికి ఏడు నిమిషాల ముందు చేరాం. ఆ దారంతా మా అమ్మాయి నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

సాయంత్రం మా వీధి చివర బ్యాటరీల దుకాణం నడిపే పెద్దాయన్ని పిలుచుకొచ్చాను. బోనెట్ ఎత్తి, మల్టీమీటర్ తీగలు ఆనించి చూశాడు. 9.6 వోల్టులు. 'మీ ఏనుగుకేం కాలేదు బాబూ... మావటివాడే పడుకున్నాడు' అన్నాడు.

ఏనుగుకో మావటి

విద్యుత్తు కార్లలో చాలామందికి తెలియని సంగతి ఇది. కారు కింద పరుచుకుని ఉండే పెద్ద బ్యాటరీతో పాటు, పెట్రోలు కార్లో ఉన్నట్టే ఓ 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. పెద్దది సాధారణంగా 300 నుంచి 400 వోల్టులది. కొన్ని ఖరీదైన కార్లలో 800 దాకా ఉంటుంది. చక్రాలు తిప్పేదీ, ఏసీ నడిపేదీ అదే. తలుపు తాళాలు, దీపాలు, వైపర్లు, తెర, కంప్యూటర్లు... ఇవన్నీ చిన్నదాని పోషణలో ఉంటాయి.

పెద్ద బ్యాటరీ నుంచే ఇవన్నీ నడపొచ్చు కదా అని నేనూ అడిగాను. భద్రత కోసమే ఈ ఏర్పాటు. కారు ఆపేయగానే పెద్ద బ్యాటరీకీ, మిగతా బండికీ మధ్య సంబంధం తెగిపోవాలి. గుద్దుకున్నా తెగిపోవాలి. అందుకోసం కాంటాక్టర్లని పెద్ద స్విచ్చులు ఉంటాయి. వాటిని మూసి పట్టుకునేది చిన్న బ్యాటరీ కరెంటు. అది అందకపోతే స్విచ్చులు వాటంతటవే తెరుచుకుంటాయి. ప్రమాదంలో అది ప్రాణాలు కాపాడే ఏర్పాటు. మా సెల్లార్లో అదే నన్ను ఆటో ఎక్కించింది.

పెద్దాయన తన దుకాణం నుంచి తెచ్చిన బ్యాటరీని తీగలతో తగిలించాడు. తెర వెలిగింది. బ్రేకు తొక్కి మీట నొక్కాను. కారు అడుగున ఎక్కడో 'టక్' మంది. కాంటాక్టర్లు మూసుకున్న చప్పుడది! మీటర్లో అంకె చకచకా పైకెక్కి 14.3 దగ్గర నిలబడింది. అప్పటిదాకా మూగగా ఉన్న పెద్ద బ్యాటరీయే ఇప్పుడు చిన్నదానికి అన్నం పెడుతోంది. పెట్రోలు కార్లో ఆల్టర్నేటర్ చేసే పనిని ఇక్కడ డీసీ-డీసీ కన్వర్టర్ అనే పెట్టె చేస్తుంది. వందల వోల్టులను పధ్నాలుగు చిల్లరకు దించి ఇస్తుంది.

అంకె ఒకటే... వేళను బట్టి అర్థం

నిజం చెప్పాలంటే తప్పు నాదే. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టుకునే బుల్లి వోల్టు మీటరు ఒకటి కొని నెలల తరబడి చూస్తూనే ఉన్నాను. ఎప్పుడు చూసినా 14.1, 14.2. భేష్ అనుకునేవాణ్ని. అసలు విషయమేమిటంటే, కారు నడుస్తున్నప్పుడు కనిపించే ఆ అంకె బ్యాటరీది కాదు... కన్వర్టర్‌ది! ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు పిల్లాడి బుద్ధిమంతతనం లాంటిదది. అసలు సంగతి వాళ్లు వెళ్లాక తెలుస్తుంది.

బ్యాటరీ సంగతి తెలియాలంటే అది విశ్రాంతిగా ఉన్నప్పుడు చూడాలి. రాత్రి కారు ఆపి, తాళం వేసి, పొద్దున్నే కొలవాలి. ఆపిన వెంటనే కొలిస్తే పైపై ఛార్జి వల్ల అంకె ఎక్కువ కనిపిస్తుంది. సీసం-ఆమ్లం బ్యాటరీలో ఆరు గదులు, ఒక్కోదానికి రెండు వోల్టుల పైచిలుకు. నిండుగా ఉంటే 12.6 లేదా 12.7. ఏజీఎం రకమైతే ఇంకాస్త ఎక్కువ. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 అంటే సగం. 12.0కి వచ్చిందంటే మిగిలింది పావు వంతే. చూశారా... నిండు కుండకీ దాదాపు ఖాళీ కుండకీ మధ్య తేడా ఏడు పాయింట్లు! 'పన్నెండు వోల్టుల బ్యాటరీ పన్నెండు చూపిస్తోందిగా' అని నిశ్చింతగా ఉండేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

ఇంకో చిక్కుంది. తాళంచెవి జేబులో పెట్టుకుని దగ్గరికెళ్లినా, తలుపు తీసినా కారు మేలుకుంటుంది. కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా కరెంటు లాగుతాయి. అంకె 12.6 నుంచి 12.2కి పడొచ్చు. దాన్ని చూసి కంగారు పడకూడదు. బోనెట్ ముందురోజు రాత్రే తెరిచి ఉంచి, తాళంచెవి ఇంట్లో వదిలి వెళ్లి కొలిస్తే సరైన లెక్క దొరుకుతుంది. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర తీగ ప్లస్‌కి, నల్ల తీగ మైనస్‌కి ఆనిస్తే చాలు. నారింజ రంగు తీగల జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి పెద్ద బ్యాటరీవి. ప్రాణాలు తీస్తాయి.

తర్వాత కారు స్టార్ట్ చేసి మళ్లీ చూడాలి. 13.5 నుంచి 14.7 మధ్య ఉంటే కన్వర్టర్ తన పని తాను చేస్తున్నట్టు. చిన్న బ్యాటరీ నిండాక 13కి తగ్గించే కార్లూ ఉన్నాయి. కానీ కారు నడుస్తుండగా 12.3, 12.2, 12.1 అని దిగిపోతుంటే మాత్రం అది వేరే కథ. చిన్న బ్యాటరీకి తిండి అందడం లేదు. అది అయిపోగానే కారు రోడ్డు మధ్యలో ఆగిపోవచ్చు. ఇది ఊహ కాదు. ఛార్జింగ్ నియంత్రించే యూనిట్ దెబ్బతిని 12 వోల్టుల బ్యాటరీకి కరెంటు అందకపోవచ్చన్న కారణంతోనే 2024 మార్చిలో హ్యుందాయ్, జెనెసిస్ విద్యుత్తు కార్లను అమెరికాలో దాదాపు 1.47 లక్షలు వెనక్కి పిలిపించారు. అదే ఏడాది మన దేశంలో 1,744 అయానిక్ 5 కార్లకూ, 1,138 కియా ఈవీ6 కార్లకూ అలాంటి పిలుపే వచ్చింది.

మూలగని బ్యాటరీ

పెట్రోలు కార్లో బ్యాటరీ ముసలిదైతే ముందే చెబుతుంది. చలికాలం పొద్దున్నే స్టార్టర్ 'ర్ర్... ర్ర్...' అని మూలుగుతుంది. మనకు తెలిసిపోతుంది. విద్యుత్తు కార్లో స్టార్టరే లేదు. వందల ఆంపియర్లు లాగే పని లేదు కాబట్టి నీరసించిన బ్యాటరీ కూడా చివరిదాకా నెట్టుకొచ్చేస్తుంది. ఓ రోజు చెప్పాపెట్టకుండా చేతులెత్తేస్తుంది. అందుకే ఆ అంకె ఒక్కటే దాని గొంతు.

మా కారు విషయంలో దొంగ ఎవరో కూడా పెద్దాయనే పట్టుకున్నాడు. కారు ఆగి ఉన్నా రికార్డు చేసేలా ముందు అద్దానికి పెట్టించిన కెమెరా! మీటర్ పెట్టి చూస్తే 0.2 ఆంపియర్లు. ఇంతేనా అనిపిస్తుంది. రోజుకి 4.8 ఆంపియర్ అవర్లు, పది రోజులకి 48. మా చిన్న బ్యాటరీ సామర్థ్యం 45! లెక్క సరిపోయింది. కొన్ని కార్లు ఆగి ఉన్నప్పుడు కూడా మధ్యమధ్యలో లేచి చిన్నదాన్ని నింపుకుంటాయి. మాది ఆ రకం కాదు. ప్లగ్ తగిలించి వెళ్లినా పూర్తి భరోసా లేదట. పెద్దది నిండగానే ఛార్జింగ్ ఆగిపోయే కార్లలో చిన్నదాని పోషణా అక్కడితో ఆగుతుంది.

మన ఎండల సంగతి చెప్పక్కర్లేదు. వేడి పది డిగ్రీలు పెరిగితే సీసం బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఈ రంగంలో వాళ్ల మోటు లెక్క. రెంటచింతలలోనో రామగుండంలోనో ఆరుబయట నిలిపే కారుకి చల్లటి ఊళ్ల లెక్కలు సరిపోవు. పైగా ముసలి బ్యాటరీ విశ్రాంతిలో 12.6 చూపించి, నాలుగు దీపాలు వేయగానే కుప్పకూలడమూ ఉంది. రెండు మూడేళ్లు దాటితే దుకాణంలో లోడ్ టెస్టర్ పెట్టించడమే మేలు.

ఈ అంకెలన్నీ సీసం బ్యాటరీలకే సుమా! టెస్లా 2021 నుంచి చిన్న బ్యాటరీని కూడా లిథియం-అయాన్‌కి మార్చడం మొదలుపెట్టింది. అది దాదాపు 15.5 వోల్టులది. సైబర్‌ట్రక్‌లోనైతే ఏకంగా 48 వోల్టులు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే 13.2 దగ్గర చాలాసేపు కదలకుండా నిలబడి, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. మన కార్లో ఉన్నది ఏ రకమో బ్యాటరీ మీద చూసుకున్నాకే ఏ అంకెనైనా నమ్మాలి.

అన్నట్టు, బయటి బ్యాటరీతో విద్యుత్తు కారును లేపడానికి మాన్యువల్‌లో చెప్పిన పద్ధతి ఉంటుంది. అదే మన కారు నుంచి పక్కింటి పెట్రోలు కారును లేపుతామంటే మాత్రం చాలా కంపెనీలు వద్దనే రాస్తాయి. వాళ్ల స్టార్టర్ లాగే కరెంటును మన కన్వర్టర్ తట్టుకోలేదు. మొహమాటపడకండి.

మా పాత బ్యాటరీ మళ్లీ కోలుకోలేదు. కొత్తది వేయించాను. కెమెరా తీగను కారుతో పాటే ఆగిపోయేలా మార్పించాను. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే, కాఫీ కంటే ముందు, సెల్లార్లోకి దిగి కొలుస్తాను. వంటింటి క్యాలెండర్‌లో గ్యాస్ బండ మార్చిన తేదీ పక్కనే మా అమ్మాయి ఆ అంకె రాస్తుంది. పోయిన వారం 12.6.