పక్క మీద ఒత్తిగిలగానే గది గిర్రున తిరిగిందా? పైత్యం కాదు.. చెవిలో రేణువు జారి ఉండొచ్చు!

తెల్లవారుజామున మెలకువ వచ్చి కుడి పక్కకు ఒత్తిగిలారు. అంతే.. పైకప్పు, ఫ్యాను, గోడ మీద క్యాలెండర్ అన్నీ కలిసి గిర్రున తిరిగిపోయాయి. మంచం పట్టె గట్టిగా పట్టుకున్నారు. అర నిమిషంలో ఆగిపోయింది. హమ్మయ్య అనుకుని లేచి కూర్చోగానే మళ్లీ మొదలు. కడుపులో తిప్పి వాంతి కూడా అయింది. ఇంట్లో ఒకరు "బీపీ పడిపోయింది" అంటారు. ఇంకొకరు "పైత్యం చేసింది, నిమ్మకాయ నీళ్లు ఇవ్వండి" అంటారు. పెద్దామె అయితే దిష్టి తీయడానికి ఉప్పూ మిరపకాయలూ తెస్తుంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఏ ఆసుపత్రి ఓపీలో కూర్చున్నా "కండ్లు తిరుగుతాండాయి సార్" అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. కానీ ఆ ఒక్క మాట వెనక చాలా జబ్బులు దాక్కుని ఉంటాయి. కొన్నిటికి మందే అక్కర్లేదు. ఒకదానికి మాత్రం నిమిషం కూడా ఆగకూడదు. ఏది ఏదో తెలుసుకోవడం ఎలా?

ముందు ఇది చూసుకోండి

తల తిరుగుడుతో పాటు మూతి వంకర పోయిందా? మాట తడబడుతోందా? ఒక చెయ్యో కాలో బలం తగ్గిందా? ఒక వస్తువు రెండుగా కనిపిస్తోందా? మింగడం కష్టంగా ఉందా? ఎప్పుడూ లేనంత తలనొప్పి ఉన్నట్టుండి వచ్చిందా? పక్కన మనిషి పట్టుకున్నా నిలబడలేకపోతున్నారా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది చెవి సమస్య అనుకోవద్దు. మెదడు వెనక భాగానికి రక్తం ఆగిపోయిన పక్షవాతం కావచ్చు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, బీడీ సిగరెట్ తాగేవాళ్లు, వయసు పైబడినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

అలాంటప్పుడు ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని సాయంత్రం దాకా చూద్దాం అనుకోవడమే కొంప ముంచుతుంది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు పడాలి. ప్రొద్దుటూరు నుంచి కడపకు 50 కిలోమీటర్లకు పైనే. జమ్మలమడుగు, పులివెందుల నుంచి అయితే 70 దాకా ఉంటుంది. పల్లె నుంచి రోడ్డు మీదికి రావడం, బండి దొరకడం అన్నీ కలిపితే ఆ నాలుగున్నర గంటలు ఎంతో కాదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్, ఆ ఇంజెక్షన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగండి. ఇంకో మాట.. మెదడు వెనక భాగంలో వచ్చే పక్షవాతం మొదటి గంటల్లో సీటీ స్కాన్‌లో కనిపించకపోవచ్చు. స్కాన్ బాగుందన్నా లక్షణాలు తగ్గకపోతే డాక్టర్‌కు ఆ సంగతి గట్టిగా చెప్పండి.

తిరుగుతోందా? చీకటి కమ్ముతోందా?

పైన చెప్పినవేవీ లేవు. అప్పుడు మిమ్మల్ని మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. చుట్టూ ఉన్నవి రంకులరాట్నంలా తిరుగుతున్నాయా, లేక కళ్ల ముందు చీకటి కమ్మి పడిపోతానేమో అనిపిస్తోందా? రెండూ ఒకటి కాదు.

ఎండాకాలం 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం చీనీ తోటలోనో అరటి తోటలోనో పని చేసి, వంగిన మనిషి ఒక్కసారి లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. అది ఒంట్లో నీరు, ఉప్పు తగ్గడం. రక్తహీనత ఉన్నా, బీపీ మాత్ర డోసు ఎక్కువైనా, షుగర్ మాత్ర వేసుకుని తిండి మానేసినా అలాగే అవుతుంది. నీడన పడుకోబెట్టి ఓఆర్ఎస్ తాగిస్తే ఇలా ఎండలో నీరు తగ్గి కళ్లు బైర్లు కమ్మినవాళ్లు మామూలుగా తేరుకుంటారు. షుగర్ ఉన్నవాళ్లకు చెమటలు పట్టి వణుకు వస్తుంటే ముందు చక్కెర నీళ్లు ఇవ్వాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏదీ పోయొద్దు.

గది గిర్రున తిరిగితే మాత్రం అనుమానం లోపలి చెవి మీదికి వెళ్తుంది. వినడానికే కాదు, మనిషి పడిపోకుండా నిలబడటానికి కూడా చెవే ఆధారం అని చాలామందికి తెలియదు.

మన సున్నపురాయే.. చెవిలోనూ!

గోడ కట్టే మేస్త్రీ చేతిలో రసమట్టం చూసే ఉంటారు. ద్రవంలో గాలి బుడగ అటూ ఇటూ కదిలి, రాయి సమంగా ఉందో లేదో చెప్పేస్తుంది. లోపలి చెవిలో ప్రతి వైపూ మూడు అర్ధవృత్తాకార గొట్టాలు ఉంటాయి. వాటిలోనూ ద్రవమే. తల తిప్పితే ద్రవం కదులుతుంది, ఆ కబురు నరం ద్వారా మెదడుకు చేరుతుంది. ఈ గొట్టాల పక్కనే చిన్న సంచీ. అందులో జిగురు పొర మీద అతుక్కుని కంటికి కనిపించనంత చిన్న రేణువులు ఉంటాయి. అవి క్యాల్షియం కార్బొనేట్. అంటే ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల సిమెంట్ ఫ్యాక్టరీలకు పోయే సున్నపురాయిలో ఉండే పదార్థమే!

వయసు మీద పడ్డప్పుడో, బైకు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినప్పుడో, చాలాసార్లు ఏ కారణం తెలియకుండానో ఆ రేణువులు ఊడి పక్కనున్న గొట్టంలోకి జారతాయి. మనం ఒత్తిగిలినప్పుడు అవి ద్రవాన్ని తోసుకుంటూ దొర్లుతాయి. తల ఆగిపోయినా ద్రవం కదులుతూనే ఉంటుంది. కళ్లేమో కదల్లేదు అంటాయి, చెవేమో తిరుగుతున్నాం అంటుంది. ఈ గొడవే మనకు గిర్రున తిరగడంలా తెలుస్తుంది. రేణువులు అడుగున ఆగగానే తిరుగుడూ ఆగిపోతుంది. అందుకే ఒక్కో విడత నిమిషం కూడా ఉండదు. డాక్టర్లు దీన్ని బీపీపీవీ అంటారు. పేరులో బీపీ ఉంది కదా అని రక్తపోటు అనుకోవద్దు, దానికీ దీనికీ సంబంధం లేదు. గిర్రున తిరిగే జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. 50 దాటినవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ.

మంచం మీదే పరీక్ష, మంచం మీదే వైద్యం

దీన్ని కనిపెట్టడానికి పెద్ద స్కాన్లేమీ అక్కర్లేదు. లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ అనే డాక్టర్లు 1952లో చెప్పిన పరీక్షే ఈనాటికీ చేస్తున్నారు. మంచం మీద కూర్చోబెట్టి, తలను ఒక పక్కకు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెడతారు. రేణువులు జారిన వైపు అయితే కొన్ని సెకన్లలో కనుగుడ్లు వాటంతట అవే కొట్టుకుంటాయి. డాక్టర్ చూసేది ఆ కళ్లనే.

వైద్యం కూడా అంతే సులువు. అమెరికాలో పోర్ట్‌లాండ్‌కు చెందిన జాన్ ఎప్లీ అనే చెవి డాక్టర్, గొట్టంలోకి దారి తప్పిన రేణువును తలను తిప్పుతూ వచ్చిన దారినే బయటకు దొర్లించొచ్చు కదా అని ఆలోచించారు. 1980లో తోటి డాక్టర్లకు చేసి చూపిస్తే నమ్మినవాళ్లు తక్కువ. తల తిప్పితే జబ్బు పోతుందా అని ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. చివరకు ఆయన పరిశోధన వ్యాసం అచ్చయింది 1992లో. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నది ఆ పద్ధతే.

ఉదాహరణకు కుడి చెవి సమస్య అనుకోండి. మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని తలను కుడి పక్కకు సగం తిప్పాలి. తల అలాగే ఉంచి, భుజాల కింద దిండు వచ్చేలా వెనక్కి పడుకోవాలి. తల దిండు దాటి కాస్త కిందికి వాలుతుంది. అప్పుడు గిర్రున తిరుగుతుంది, భయపడొద్దు. అది ఆగాక ఇంకో అర నిమిషం అలాగే ఉండి, తలను నెమ్మదిగా ఎడమ పక్కకు సగం దాకా తిప్పాలి. మళ్లీ అర నిమిషం నుంచి నిమిషం. తర్వాత ఒళ్లంతా ఎడమ పక్కకు తిప్పి, ముఖం నేల వైపు చూసేలా ఉంచాలి. మళ్లీ అంతసేపు. చివరగా గడ్డం కిందికే ఉంచి ఎడమ పక్క నుంచి మెల్లగా లేచి కూర్చోవాలి. ఎడమ చెవి అయితే అన్నీ తారుమారు. ఒకట్రెండు సార్లు చేస్తేనే పది మందిలో ఏడెనిమిది మందికి తగ్గిపోతుంది.

అయితే మొదటిసారి డాక్టర్ చేతుల మీదుగానే చేయించుకోండి. ఏ చెవో, ఏ గొట్టమో తేలకుండా వీడియో చూసి ఇంట్లో మొదలుపెడితే లాభం ఉండదు. మెడ ఎముక సమస్య బాగా ఉన్నవాళ్లు, కంటి లోపలి రెటీనా ఊడినవాళ్లు, మెడలోని రక్తనాళాలు పూడుకుపోయాయని తెలిసినవాళ్లు సొంతంగా అసలే చేయకూడదు. ఒకసారి నేర్చుకున్నాక మళ్లీ వస్తే ఇంట్లో చేసుకోవచ్చు. మళ్లీ వస్తుందా అంటే.. ఐదేళ్లలో దాదాపు సగం మందికి తిరిగి వచ్చే జబ్బే ఇది. విటమిన్ డి తక్కువగా ఉన్నవాళ్లకు విటమిన్ డి, క్యాల్షియం ఇస్తే తిరిగి రావడం తగ్గిందని 2020లో కొరియాలో జరిగిన పెద్ద అధ్యయనంలో తేలింది. కాబట్టి పదే పదే వస్తుంటే ఆ రక్తపరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి.

ఆరు నెలలుగా అదే మాత్ర వేస్తున్నారా?

అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది. ఒకసారి తల తిరిగితే రాసిచ్చిన చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు వెళ్లి నెలల తరబడి అవే మాత్రలు తెచ్చుకునేవాళ్లు ప్రతి ఊళ్లో కనిపిస్తారు. సిన్నరిజైన్, ప్రోక్లోర్‌పెరాజైన్ లాంటివి వాంతులు, తిరుగుడు ఎక్కువగా ఉన్న మొదటి రెండు మూడు రోజులు సాయం చేస్తాయి. గొట్టంలో పడ్డ రేణువును ఏ మాత్రా బయటకు తీయలేదు. పైగా ఇవి నిద్రమత్తు తెస్తాయి, తూలుడును మెదడు సర్దుకోకుండా అడ్డుపడతాయి. పెద్దవాళ్లు చాలాకాలం వాడితే చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం లాంటి పార్కిన్సన్ లక్షణాలు రావచ్చు. అప్పుడు ఆ వణుక్కి ఇంకో మాత్ర! రాత్రి మత్తులో బాత్రూమ్‌కు లేచి పడి తుంటి ఎముక విరిగితే, నిమిషంలో ఆగిపోయే జబ్బు మనిషిని మంచాన పడేస్తుంది. వాడుతున్నవి ఉన్నట్టుండి మానొద్దు, డాక్టర్‌తో మాట్లాడి తగ్గించుకోండి.

చెవిలోనే ఇంకొన్ని జబ్బులు

జలుబో జ్వరమో వచ్చి తగ్గాక తిరుగుడు మొదలై, ఒత్తిగిలినా ఒత్తిగిలకపోయినా రెండు మూడు రోజులు ఆగకుండా ఉంటే అది బ్యాలెన్స్ నరం వాపు కావచ్చు. అయితే మొదటిసారి ఇలా రోజంతా ఆగకుండా తిరిగితే, మూతి మాట బాగానే ఉన్నా ఆ రోజే ఆసుపత్రిలో చూపించుకోవాలి. పక్షవాతం కూడా ఒక్కోసారి ఇదే వేషంలో వస్తుంది.

చెవిలో గుయ్‌మని మోత, చెవి దిబ్బడ, వినికిడి తగ్గడం, వాటితో పాటు 20 నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా తిరుగుడు.. ఇది మెనియర్స్ జబ్బు. 1861లో పారిస్ డాక్టర్ ప్రాస్పర్ మెనియర్ ఇలాంటి తిరుగుడు చెవి నుంచే వస్తుందని చెప్పేదాకా మెదడు జబ్బనే అనుకునేవాళ్లు. దీనికి ఉప్పు తగ్గించమంటారు. సంగటిలోకి ఊరగాయ లేనిదే ముద్ద దిగని మన వైపు అది కొంచెం కష్టమే!

చెవిలో చీము కారుతూ తల తిరిగినా, ఒక్క రోజులో ఒక చెవి వినపడకుండా పోయినా ఆలస్యం చేయొద్దు. రెండోదానికి మొదటి కొన్ని రోజుల్లో మందులు పడితేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. చెవిలో వేడి నూనె పోయడం, ఆకు పసరు పిండటం మానేయండి.

తిరుగుడు వచ్చిన క్షణంలో..

ఎక్కడ ఉంటే అక్కడే కూర్చోండి, కుదిరితే పడుకోండి. కదలని వస్తువు ఒకదాని మీద చూపు నిలపండి. బైకు మీద ఉంటే పక్కకు ఆపేయండి. తగ్గిందని వెంటనే బండెక్కొద్దు. వాంతులు అవుతుంటే ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా గుక్కలుగా తాగండి. పూర్తిగా తగ్గేదాకా నిచ్చెన ఎక్కడం, బావి గట్టు మీదికి పోవడం, రాత్రిపూట మోటారు వేయడానికి ఒంటరిగా పొలానికి వెళ్లడం వద్దు. పడక గది నుంచి బాత్రూమ్ దాకా చిన్న లైటు వెలిగేలా చూసుకోండి. మంచం మీద నుంచి లేచేటప్పుడు ముందు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వేసి, కాసేపు కూర్చుని అప్పుడు నిలబడండి.

ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికి వెళ్లినా, పులివెందుల ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లినా, జమ్మలమడుగు నుంచి కడప రిమ్స్‌కు పోయినా ఈఎన్‌టీ డాక్టర్ ఏ రోజు ఉంటారో ముందే కనుక్కుని బయల్దేరండి. వెళ్లేటప్పుడు ఏ పక్కకు తిరిగితే ఎక్కువగా వస్తోంది, ఎన్ని సెకన్లు ఉంటోంది, చెవిలో మోత ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు అన్నది కాగితం మీద రాసుకోండి. చేతిలో ఫోన్ ఎలాగూ ఉంటుంది. ఈసారి తిరుగుడు వచ్చినప్పుడు కళ్లు తెరిచి ఉంచమని, ఇంట్లో వాళ్లతో కళ్లు దగ్గరగా కనిపించేలా వీడియో తీయించండి. ఓపీకి వెళ్లేసరికి తిరుగుడు ఆగిపోయి ఉన్నా, కనుగుడ్లు ఎటు కొట్టుకున్నాయో ఆ వీడియోలో డాక్టర్ చూసుకుంటారు.