టైరు కొత్తది, డిస్కు తాతల నాటిది

బొచ్చెలు, శీలావతులు ఐసులో సర్దుకుని హౌరాకో, గువాహటికో వెళ్లే కొల్లేటి లారీలు చాలావరకు కొత్తవే. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ఆ దారికి పాత బండిని ఎవరూ పంపరు. పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు దాటిన టాటాలు, లేలాండ్‌లు, 407లు ఊరి పనికే మిగులుతాయి. చెరువు గట్టు మీంచి ప్యాకింగ్ షెడ్డుకి చేప, ఫ్యాక్టరీ నుంచి గట్టుకి ఐసు, మిల్లు నుంచి చెరువుకి తవుడు, తాడేపల్లిగూడెం మార్కెట్ నుంచి ఉల్లిపాయ మోస్తుంటాయి. వాటికి టైర్లు మారుతూనే ఉంటాయి కానీ, టైరు కూర్చునే డిస్కు, దాని రింగు, బోల్టులు మాత్రం బండి కొన్ననాటివే. చక్రం అనగానే మనకు రబ్బరే కనిపిస్తుంది. అపోహలన్నీ అక్కడే మొదలవుతాయి.

అపోహ: ట్యూబు తీసేసి అదే డిస్కుకి ట్యూబ్‌లెస్ టైరు ఎక్కిస్తే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. పాత లారీల 20 అంగుళాల డిస్కు ఒక్క ముక్క కాదు. ఒక పక్క అంచు విడిగా వస్తుంది, దాన్ని లాక్ రింగు పట్టి ఉంచుతుంది. ట్యూబు లేకపోతే ఆ సందుల్లోంచి గాలి పోతుంది. పైగా టైరు అంచు కూర్చునే చోట ఈ డిస్కుల వాలు 5 డిగ్రీలు, ట్యూబ్‌లెస్ డిస్కుల వాలు 15 డిగ్రీలు. కాబట్టి ట్యూబ్‌లెస్ కావాలంటే డిస్కే మారాలి. అది 22.5 అంగుళాలది, ఒకే ముక్కగా ఉంటుంది.

రెండున్నర అంగుళాలు పెరిగితే బండి ఎత్తు లేస్తుందేమోనని భయపడేవాళ్లున్నారు. లేవదు. డిస్కు పెరిగినంత మేరా టైరు పక్కగోడ తగ్గుతుంది, మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. 9.00-20 ఉన్నచోట 10ఆర్22.5, 10.00-20 ఉన్నచోట 11ఆర్22.5 అనేది ప్రపంచమంతటా నడుస్తున్న లెక్క. అసలు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. బోల్టు రంధ్రాలు ఎన్ని, వాటి వలయం వ్యాసం ఎంత, మధ్య రంధ్రం హబ్ మీద సరిగ్గా కూర్చుంటుందా, డిస్కు లోపలి వైపు బ్రేకు డ్రమ్ముకు తగులుతుందా? వెనక జంట టైర్ల మధ్య సందు ముఖ్యంగా చూడాలి. ఆ సందు తగ్గితే బరువెక్కినప్పుడు రెండు టైర్ల పొట్టలూ ఒకదాన్నొకటి రాసుకుని వేడెక్కుతాయి. సెకండ్‌హ్యాండ్ డిస్కులు కొనేటప్పుడు "రంధ్రాలు సరిపోయాయి కదా" అనుకోవడం సగం పరీక్షే.

ఇంకోటి, మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. మీ మోడల్‌కు ఏ ఏ సైజులు ఒప్పుకున్నారో డీలర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌తో వాదించడం కంటే కాగితం చూపించడం తేలిక.

అపోహ: రింగు డిస్కుతో ఏమీ కాదు, ముప్పై ఏళ్లుగా కొడుతున్నాం.

వాస్తవం: ఇది ప్రాణాల మీదికి తెచ్చే మాట, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను. 100 పీఎస్‌ఐ అంటే ప్రతి చదరపు అంగుళం మీద 45 కిలోల తోపు. లారీ టైరు ఒక పక్కగోడ మొత్తాన్ని లెక్కేస్తే అది 40 టన్నుల దాకా వెళ్తుంది. అందులో పెద్ద వాటా మోసేది వేలెడు మందం లేని ఆ రింగే. గాడిలో తుప్పు పేరుకుని రింగు పూర్తిగా కూర్చోకపోతే, గాలి పడుతుండగా ఎగిరి వస్తుంది. ఎదురుగా వంగి చూస్తున్న మనిషికి పక్కకి తప్పుకునే వ్యవధి ఉండదు. అమెరికాలో ఇలాంటి ప్రమాదాల కారణంగానే కార్మిక భద్రతా సంస్థ ఓషా 1980లో ప్రత్యేక నిబంధన తెచ్చింది. ఇనుప పంజరంలో పెట్టి, పొడుగు గొట్టంతో, పక్కన నిలబడి మాత్రమే గాలి కొట్టాలి అంటుందది.

అలాగని రింగు డిస్కులన్నీ రేపే తీసి పారేయమని చెప్పను. రింగు, డిస్కు ఒకే తయారీవి, ఒకదానికొకటి సరిపోయేవి అయి, తుప్పు గోకి శుభ్రం చేసి, వంకర లేకుండా ఉంటే అవి ఇంకా పనిచేస్తాయి. మన షాపుల్లో జరిగే తప్పు ఏమిటంటే, మూల పడి ఉన్న ఏదో పాత రింగు తెచ్చి "పడుతుందిలే" అని సుత్తితో కొట్టడం, అదీ గాలి ఉండగానే. నట్లు విప్పకముందే వాల్వు పిన్ను తీసేసి గాలంతా పోనివ్వాలి. జంట చక్రాలైతే రెండింటికీ తీయాలి. గాలి ఐదో వంతు, అంతకన్నా ఎక్కువ తగ్గిన టైరు మీద బండి నడిచిందంటే, ఉన్నచోటే మళ్లీ గాలి కొట్టకూడదు. విప్పి లోపల చూశాకే ఎక్కించాలి. గట్టు మీద పంక్చరైతే ఈ నియమం ఎంత చిరాకో తెలుసు, అయినా తప్పదు.

అపోహ: కొల్లేరు మంచినీటి సరస్సు, ఇక్కడి తుప్పు పైపైనే.

వాస్తవం: సరస్సు మంచినీటిదే. కానీ వేసవిలో నీరు తగ్గినప్పుడు ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీరు పైకి తోసుకొస్తుంది, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల్లో ఉప్పదనం ఉండనే ఉంది. దీనికి తోడు చేపల బండి అడుగు నుంచి ఐసు కరిగిన నీరు రోజంతా వెనక చక్రాల మీద కారుతుంది. ఆ తడి డిస్కు పై ముఖానికి కాదు, రింగు గాడిలోకి, బోల్టు రంధ్రాల చుట్టూ, జంట డిస్కుల మధ్య చేరుతుంది. కంటికి కనిపించే చోట సిల్వర్ పెయింట్ మెరుస్తూనే ఉంటుంది. టైరు విప్పిన ప్రతిసారీ వైరు బ్రష్‌తో గోకి చూడమనేది అందుకే. రేకులుగా ఊడుతుంటే, రంధ్రాల చుట్టూ వెంట్రుక గీత కనిపిస్తే ఆ డిస్కు పాత ఇనుము కొట్టుకే.

అపోహ: డిస్కు పగిలితే వెల్డింగ్ పెడితే పోలా?

వాస్తవం: పెట్టకూడదు. అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. టైరు ఉండగా పెడితే మరీ ఘోరం. వేడికి లోపలి రబ్బరు ఆవిరులు విడుదలై గాలి తీసేసిన టైరు కూడా పేలగలదు. బిగుసుకుపోయిన నట్టును గ్యాసు మంటతో కాల్చడానికీ ఇదే వర్తిస్తుంది.

అపోహ: పెద్ద టైరు వేస్తే ఎక్కువ బరువు లాగొచ్చు.

వాస్తవం: 407కి 7.50-16 తీసి 8.25-16 వేయగానే యాక్సిల్, స్ప్రింగు కమాన్లు, బ్రేకులు పెద్దవైపోవు. ఆర్‌సీలో రాసిన బరువే బండి బరువు. వెనక జంటలో ఒకటి కొత్తది, ఒకటి అరిగింది వేస్తే ఎత్తయిన టైరే బరువంతా మోసి ముందు పోతుంది. 9.00 సైజు నుంచి పైకి జంట టైర్ల వ్యాసాల తేడా అర అంగుళం, అంతకంటే చిన్న సైజుల్లో పావు అంగుళం మించకూడదు.

అపోహ: ఎండాకాలం గాలి కొంచెం తీసి నడపాలి.

వాస్తవం: తిరగబడిన సలహా. 30 డిగ్రీల దగ్గర 100 పీఎస్‌ఐ నింపిన టైరు 60 డిగ్రీలకు చేరితే సుమారు 111 చూపిస్తుంది. అది మామూలే. గాలి తీస్తే టైరు మరింత వంగి మరింత వేడెక్కుతుంది. చల్లగా ఉన్నప్పుడే కొలవండి.

అపోహ: బటన్ ఉంది కాబట్టి టైరు బాగున్నట్టే.

వాస్తవం: గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నది నిబంధన. అయితే మన పాత బండ్లు రోజుకు తిరిగేది తక్కువ, వాటి టైర్లు అరిగే లోపే ముసలివైపోతాయి. పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. పక్కగోడ బీటలు వారితే బటన్ ఎంతున్నా లాభం లేదు. రీబటన్ టైర్లు చెడ్డవన్నదీ అపోహే. ఆర్టీసీకి సొంత రీట్రేడింగ్ షాపులే ఉన్నాయి. లోపలి కట్టు గట్టిగా ఉంటే వెనక చక్రాలకు వేసుకోవచ్చు, స్టీరింగ్ చక్రాలకు మాత్రం వద్దు.

చివరిగా నట్ల సంగతి. పెద్ద పైపు తొడిగి మనిషి ఎక్కి తొక్కితే గట్టిగా బిగిసినట్టని చాలామంది నమ్మకం. అలా చేస్తే బోల్టు సాగిపోతుంది. హబ్‌కు, డిస్కుకు మధ్య మందపాటి రంగు, గ్రీజు, తుప్పు ఉంటే ఎంత బిగించినా తర్వాత వదులవుతుంది, కొత్త డిస్కుల మీద ఇది తరచూ కనిపించేదే. ఎదురెదురు నట్లను వరసగా బిగించి, కంపెనీ చెప్పిన టార్క్ ఉంచి, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి బిగించాలి. కొన్ని పాత బండ్లకు ఎడమ చక్రాల నట్లు ఎదురు మరతో ఉంటాయి. కొత్త క్లీనరు వాటిని విప్పుతున్నాననుకుంటూ ఇంకా బిగిస్తాడు, ముందే చెప్పి పెట్టండి.